తోకబండికి ముక్కు

కాటాల కొట్టు, మేడ మీది గది
ఫిబ్రవరి 10

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవించి రాసేది. నీ చెవులు ఎలా ఉన్నాయి? ఫోను చేస్తే నీకు వినబడదు. నీకు వినబడేలా అరిస్తే వీధంతా వినబడుతుంది. కాబట్టి కాగితమే నయం.

ఒక పని పడి రాస్తున్నాను. మా పాత తోకబండి ఇక పనికిరాదు. వ్యాను వెనక తగిలించుకునే ఆ మూత ట్రైలర్‌కి మీ బావ పెట్టిన పేరు అదేగా. కొత్తది కావాలి. ఇక్కడ కట్టేవాళ్లు లేకపోలేదు గానీ, వాళ్లు రేకు బీరువాని పడుకోబెట్టి చక్రాలు తగిలించి ట్రైలర్ అంటున్నారు. నువ్వే కట్టాలి.

మీ బావ పని నీకు తెలియనిది కాదు. చుట్టుపక్కల ముప్పై ఒక్క సంతల్లో కాటాలు ఆయన చేతి మీదే నడుస్తాయి. పద్నాలుగు తూనికరాళ్లు, ఒక్కొక్కటి ఇరవై కిలోలు. అవి మోసుకెళ్లి ప్రతి కాటా మీదా పెట్టి చూసి, తూకం తప్పితే సరిచేసి రావాలి. జూన్ దాటేలోపు ఆ సంతల చుట్టు మళ్లీ మొదలుకాకపోతే సంతలవాళ్లు ఇంకొకరిని చూసుకుంటారు. ఈ ఇంటికి ఆ చుట్టు తప్ప వేరే ఆధారం లేదు.

ముందు భాగం చదునుగా ఉంటే సామాను బాగా పడుతుందని కొందరంటారు. పడవ మూతిలా కోసుగా ఉంటే లాగడం తేలికని ఇంకొందరంటారు. పైకప్పు గుండ్రంగా ఉండాలట, ఎత్తు తగ్గాలట. నాకివన్నీ తెలియవు. నాకు కావలసింది ఒక్కటే. బండి ఊగకూడదు. వెనక తోక అటూ ఇటూ కొట్టుకోకూడదు.

ఇంకో మాట. రాళ్లు లోపల ఎక్కడ పెట్టినా తిన్నగా వచ్చే ఆకారం ఏదైనా ఉందా? ఉంటే అదే కట్టు.

మరదలిని అడిగానని చెప్పు.

మీ అక్క

బళ్ల షెడ్డు, వెల్డింగు బల్ల మీద కాగితం పెట్టి
ఫిబ్రవరి 21

అక్కకి నమస్కారాలు, గ్రాముల బావకి సగం నమస్కారం (మిగతా సగం తూచి పంపుతాను),

ఉభయకుశలోపరి అని రాయాలంటే రెండు కుశలాలు కావాలి. ఇక్కడిది ఒకటి పంపుతున్నాను. రెండోది మీ ఇంట్లో వెతుక్కో.

ముందు పాఠం. నేను ఐదో తరగతి రెండుసార్లు చదివినవాణ్ణి, రెండూ కలిపితే పది, కాబట్టి శ్రద్ధగా విను. వ్యాను కిటికీలోంచి చెయ్యి బయట పెట్టు. అరచెయ్యి ఎదురుగా పెడితే గాలి మొహం మీద తలుపు వేసినట్టు తోస్తుంది. చేతి అంచు ఎదురుగా పెడితే పక్కలకి జారిపోతుంది. చదును ముక్కుకీ కోసు ముక్కుకీ తేడా అంతే. చదును మొహం బండిని లాగడమంటే పెళ్లాన్ని పుట్టింటి నుంచి తీసుకురావడం లాంటిది. వస్తుంది, కానీ ఇంజను ఏడుస్తుంది.

కోసు ముక్కు కడతాను. వ్యాను కప్పు కన్నా ఎత్తు ఉండనివ్వను, వ్యాను నీడలోనే బండి దాక్కుంటుంది. పైన మూలలు గుండ్రం. వ్యానుకి తగిలించే ముందు కడ్డీ ఒక మూర పొడుగు పెంచుతాను, కడ్డీ పొడుగైతే తోక నెమ్మదిస్తుంది. లోపల ముందు మూల మాత్రం ఇరుకవుతుంది, చతురస్రం పెట్టెలు పట్టవు. దానికో ఉపాయం ఆలోచిస్తాను.

ఇక నీ ఆఖరి ప్రశ్న. ఎక్కడ పెట్టినా తిన్నగా వచ్చే ఆకారం ఇంకా పుట్టలేదు. ముక్కు గాలిని మోసం చేస్తుందే గానీ బరువుని మోసం చెయ్యలేదు. రాళ్లు ఇరుసుకి ముందు ఉండాల్సిందే. ఇరుసు వెనక పెట్టావా, అయిపోయింది. కుక్క తోక ఊపితే సంతోషంగా ఉందని అర్థం. తోకబండి ఊపితే లాగేవాడికి మూడిందని అర్థం. అయినా ఇది నువ్వు అడగడమేమిటి? బావ రాయి పెట్టే చోటు వేళ్లతో కొలిచి పెట్టే మనిషి కదా. మొన్న దీపావళికి నేను పంపిన మిఠాయి పొట్లం తూచి నాలుగు గ్రాములు తక్కువని రాశాడు. ఆ నాలుగు గ్రాములూ దారిలో పోస్టుమాన్ తిన్నాడని నేను తిరిగి రాశాను.

అన్నట్టు, జనవరిలో బావకి ఆఫీసు నుంచి ఉత్తరం ఏమైనా వచ్చిందా? ఊరికే అడుగుతున్నా. వస్తే బావ మొహం ఎలా పెట్టాడో ఒక్క ముక్క రాయి. పెద్ద ముక్కైనా ఫరవాలేదు.

తమ్ముడు

కాటాల కొట్టు, మేడ మీది గది
మార్చి 5

తమ్ముడికి,

నీ పాఠం చదివాను. కోసు ముక్కే ఖాయం చెయ్యి.

కొన్ని మార్పులు. వెనక తలుపు ఒక్క మనిషి తెరిచేలా ఉండాలి. గొళ్లెం నా భుజం ఎత్తులో చాలు. హుక్కుని ఎత్తడానికి తిప్పే చక్రం తేలిగ్గా తిరగాలి. అరలు కిందకే పెట్టు, పైకి వద్దు. మీ బావకి భుజం నొప్పి, ఎత్తలేకపోతున్నారు.

వ్యాను నేనూ నడుపుతున్నాను ఈ మధ్య. నవ్వకు. వెనక బండి తగిలించుకుని వెనక్కి నడపడం ఇంకా రాలేదు. కొట్టు పక్క ఖాళీ స్థలంలో పాత డబ్బాలు నిలబెట్టి, అరువు తెచ్చిన బండితో నేర్చుకుంటున్నాను. ఎదురింటి దర్జీ రోజూ కుర్చీ వేసుకుని చూస్తున్నాడు. నిన్న మూడు డబ్బాలు పడగొడితే చప్పట్లు కొట్టాడు.

పాత బండి ఇరుసు, ముందు కడ్డీ బాగానే ఉన్నాయన్నాడు ఇక్కడి మెకానిక్. మంచి ఇనుము, పారెయ్యడానికి మనసు రాలేదు. లారీలో పంపుతున్నాను, పనికొస్తే వాడుకో. వాటితోపాటు మీ బావ పనిముట్ల పెట్టె కూడా. దాన్ని కొత్త బండి ముక్కులో బిగించు. ఆయనకి ఆ పెట్టె దగ్గర లేకపోతే తోచదు.

ఒకటి అడుగుతాను, వేళాకోళం లేకుండా చెప్పు. చదును మొహం బండి ఊగిందనుకో. అది ఆ మొహం వల్లేనా? అదే రాళ్లు అదే చోట పెట్టి, ముక్కు కోసుగా ఉండి ఉంటే ఊగకపోయేదా?

ఆఫీసు ఉత్తరాలేవీ రాలేదు.

అక్క

బళ్ల షెడ్డు
మార్చి 16

అక్కా,

నువ్వు వ్యాను నడుపుతున్నావంటే ఆ ఊరి డబ్బాలన్నీ వలస పోయుంటాయి. దర్జీని నా తరఫున రెండు చప్పట్లు ఎక్కువ కొట్టమను. వెనక్కి నడిపేటప్పుడు చెయ్యి స్టీరింగు కింద భాగంలో పెట్టు. చెయ్యి ఎటు పోతే బండి తోక అటు పోతుంది. బావ ఇది నీకు చెప్పలేదా? భుజం నొప్పైతే నోటికేమైంది?

చట్రం కట్టేశాను. ముక్కుకి రేకు వంచుతున్నాను. మీ మరదలు వచ్చి చూసి, ఇది బండా ఇస్త్రీపెట్టా అంది. దాని నోటికి నేనే గురువుని, ఏమనగలను. లారీ ఇంకా రాలేదు.

నీ ప్రశ్నకి జవాబు బండి కట్టాక లాగి చూసి చెబుతాను. ఇనుముని అడక్కుండా నోటికొచ్చింది చెప్పడం నాకిష్టం ఉండదు. మనుషుల సంగతి వేరు.

ఇక నావల్ల కాదు, చెప్పేస్తున్నాను. రెండు నెలల నుంచి దాచి దాచి కడుపు ఉబ్బిపోయింది. ఉత్తరం రాలేదన్నావు. అంటే పోస్టువాళ్లు పారేశారన్నమాట, నా కష్టమంతా బూడిదపాలు. ఏం చేశానంటావా? పక్క కొట్లో టైపు చేసే ముసలాయనకి టీ తాగించి ఒక ఉత్తరం కొట్టించాను. తూనికల తనిఖీ ఆఫీసు నుంచి అన్నట్టు. "మీ ఇరవై కిలోల రాళ్లు బరువు తగ్గినవని ఫిర్యాదు అందినది. పద్నాలుగు రాళ్లతోనూ ఫలానా తేదీ ఉదయం పది గంటలకు స్వయముగా హాజరు కావలెను." చెప్పు అట్ట కోసి ముద్ర కూడా చేశాను అక్కా. రెండు చెప్పులు పాడయ్యాయి ఆ ముద్ర కుదిరేసరికి. ఇంతకీ ఆ తేదీ ఆదివారం. ఆఫీసుకి తాళం. గ్రాముల బావ పద్నాలుగు రాళ్లూ వేసుకుని, తాళం కప్ప ఎదురుగా నిలబడి, అప్పుడు వారం పేరు గుర్తు తెచ్చుకుని, నన్ను తిట్టుకుంటూ వెనక్కి రావాలి. అదీ పథకం.

కిందటేడు కాటా పళ్లెం కింద మైనం ముద్ద అంటిస్తే, ఆ పదకొండు గ్రాములు ఎక్కడివో మూడు రోజులు వెతికిన మనిషి. తన రాళ్లు తేలికయ్యాయంటే ఊరుకుంటాడా? ఒక్కసారి ఆ మొహం చూసే యోగం లేకపోయింది. పోనీలే, బావకి ఇది చదివి వినిపించు. జరగకపోయినా తిట్టే హక్కు ఆయనకుంది.

తమ్ముడు

కాటాల కొట్టు
మార్చి 27

తమ్ముడికి,

ఉత్తరం అందింది. పని కానివ్వు. మే నెలలోగా బండి పంపగలవా లేదా అది మాత్రం రాయి.

అక్క

బళ్ల షెడ్డు
ఏప్రిల్ 6

అక్కా,

లారీ వచ్చి వారమైంది. వారం రోజులుగా ఈ ఉత్తరం మొదలుపెట్టి చింపుతున్నాను.

నేను చదువుకోలేదు గానీ ఇనుము చదవగలను. ఆ కడ్డీని ఎవరో కాల్చి సుత్తితో తిన్నగా చేశారు. పైన రంగు పూశారు. రంగు గీకి చూస్తే మెలిక కనబడింది. కడ్డీ వంగితే గుంతలో పడిందనుకోవచ్చు. మెలి తిరిగిందంటే బండి పల్టీ కొట్టింది, కొక్కెంలోంచి ఊడకుండా పల్టీ కొట్టింది. ఇరుసు ఎడమ చివర బేరింగు విప్పాను. గ్రీజులో కాలువ బురద ఉంది. ఎండిపోయిన నాచు ఉంది. రోడ్డు మీద తిరిగే చక్రంలో నాచెందుకుంటుంది?

తర్వాత పనిముట్ల పెట్టె తీశాను. ముక్కులో బిగించాలంటే అడుగున రంధ్రాలు వెయ్యాలి కదా అని సామాన్లు బయట పెట్టాను. పై పళ్లెం కింద ఒక కాగితం ఉంది. నాలుగు మడతలు. తడిసి ఆరింది. ముద్ర ఇంకా కనబడుతోంది. నా చెప్పు ముద్ర.

వెనక్కి తిప్పాను. బావ చేతిరాత, పెన్సిలుతో. ఒకటి నుంచి పద్నాలుగు దాకా అంకెలు వేసి, ప్రతి అంకె పక్కనా "సరి" అని రాశాడు. పద్నాలుగు సార్లు. ఒక్క రాయి కూడా వదలకుండా తూచి చూసుకున్నాడన్నమాట, బయలుదేరే ముందు. తప్పు లేదని తెలిసే బయలుదేరాడు.

ఉత్తరం రాలేదని రాశావు.

గొళ్లెం నీ భుజం ఎత్తులో అడిగావు. అరలు కిందకి అడిగావు. వ్యాను నేర్చుకుంటున్నానన్నావు. బావ భుజం నొప్పి అన్నావు. నేను అన్నీ చదివి నవ్వుకుంటూ రేకు వంచాను.

అక్కా, బావ ఎక్కడున్నాడు?

నిజం రాయి. మీ మరదలికి ఇంకా చెప్పలేదు. షెడ్డు మూసేసి కూర్చున్నాను.

తమ్ముడు

కాటాల కొట్టు, కింది గది
ఏప్రిల్ 18

తమ్ముడూ,

ఆ కాగితం నీళ్లలో పోయిందనుకున్నాను. ఆయన జేబులు వెతికాను, వ్యాను సీటు కింద వెతికాను. పెట్టె పై పళ్లెం ఎత్తి చూడాలని తోచలేదు.

మీ బావ జనవరి పంతొమ్మిదిన పోయారు. ఆదివారం. కాలువ గట్టు రోడ్డు మీద. పక్క నుంచి గాలి కొట్టిందట, తోక ఊగిందట, వెనక వస్తున్న పాల వ్యానువాడు చూశాడు. నాలుగు ఊపులు ఊగి, అయిదో ఊపులో వ్యానుని కూడా ఈడ్చుకుని కాలువలోకి పోయింది. నీళ్లు లోతు లేవు. ఆయన తల స్టీరింగుకి తగిలింది. అక్కడే అయిపోయింది.

ఎవరినీ నీకు కబురు చెయ్యనివ్వలేదు. ఎందుకు చెప్పలేదని అడుగుతావు. నీ తప్పు నీకు తెలియకూడదని దాచానని అనుకుంటావు. నేనంత మంచిదాన్ని కాదు. ఇప్పుడు రాసేది పూర్తిగా చదివి అప్పుడు ఏడువు.

ఉత్తరం వచ్చినరోజు ఆయన కవరు చింపి నేల మీద పడేశారు. కాగితం పట్టుకుని అలాగే నిలబడ్డారు. నేను వంగి కవరు తీశాను. దాని మీద మీ వీధి పోస్టాఫీసు ముద్ర. తూనికల ఆఫీసు మాకు తూర్పున ముప్పై మైళ్లు. ఉత్తరం నీ వీధిలోంచి ఎందుకొస్తుంది? నాకు క్షణంలో తెలిసిపోయింది. నవ్వొచ్చింది. కవరు పొయ్యిలో పెట్టేశాను, ఆయన కంట పడకుండా.

అవును. నాకు తెలుసు. ముందు రోజంతా ఆయన కింద కూర్చుని రాళ్లు ఒక్కొక్కటీ తూస్తుంటే, నేను వంటింట్లో నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నాను. ఆదివారమని తెలుసు. తాళం ఉంటుందని తెలుసు. ముప్పై మైళ్లు పోయి, ముప్పై మైళ్లు రానీ, వచ్చాక ఇద్దరం కలిసి నవ్వుకోవచ్చు అనుకున్నాను. ఆ కొట్లో నవ్వి ఎన్నాళ్లయిందో.

ఉదయం ఆయన హుక్కు తగిలిస్తున్నారు. రాళ్లు నువ్వు లోపల పెట్టు అన్నారు. ఎప్పుడూ ఆయనే పెట్టుకునేవారు, ముందు గోడకి ఆనించి. ఆరోజు తొందర. నేను ఒక్కొక్క రాయీ మోసి తలుపు దగ్గరే పెట్టాను. లోపలి దాకా మోస్తే నడుము పోతుంది. ఎలాగూ సాయంత్రానికి దించేవే కదా, వేళాకోళానికి ఇంత చాకిరీ ఎందుకు అనుకున్నాను. పద్నాలుగూ తలుపు దగ్గరే.

ఆయన స్టీరింగు ముందు కూర్చుని అడిగారు. "ముందుకు పెట్టావా?"

"పెట్టాను," అన్నాను.

అంతే. ఆయన వెనక్కి వచ్చి చూడలేదు. లోకంలో ఆయన తూచి చూడనిది నా మాట ఒక్కటే.

నువ్వు ఉత్తరం వేశావు. అది ఉత్త ఉత్తరం. ఆ ఉత్తరాన్ని నేను పొయ్యిలో వేసిన కవరుతోపాటు ఆపగలిగేదాన్ని. ఒక్క మాట చాలు. ఆపలేదు, పైగా రాళ్లు వెనక పెట్టాను. అందుకే నిన్నడిగాను, ఎక్కడ పెట్టినా తిన్నగా వచ్చే ఆకారం ఉందా అని. అందుకే అడిగాను, చదును మొహం వల్లేనా అని. నువ్వు అవునంటావేమోనని రెండు నెలలు చూశాను.

నిన్ను రమ్మనడం లేదు. వస్తే నీ మొహం చూడాలి. నీ మొహంలో నా మొహం కనబడుతుంది. వ్యాను బాగుచేయించాను, బండి లారీ మీద పంపు. చుట్టు నేను తిరుగుతాను. కాటా సరిచేయడం ఇరవై ఆరేళ్లు పక్కన నిలబడి చూశాను, వచ్చు. పదమూడు రాళ్లు దొరికాయి. ఒకటి కాలువలోనే ఉండిపోయింది.

నా ప్రశ్నకి నువ్వింకా జవాబు చెప్పలేదు.

అక్క

బళ్ల షెడ్డు
మే 20

అక్కా,

బండి రేపు లారీ ఎక్కుతుంది. పాత ఇరుసు వాడలేదు. దాన్ని షెడ్డు వెనక పాతిపెట్టాను. ఇనుముని పాతిపెట్టే పిచ్చివాణ్ణి ఇన్నేళ్లలో నన్నొక్కణ్ణే చూశాను.

నీ ప్రశ్నకి జవాబు. నువ్వు కోరుకున్న జవాబే రాద్దామనుకున్నాను. చదును మొహం వల్లే అక్కా, నీ వల్ల కాదు, గాలి వల్ల, ఆకారం వల్ల. రెండు వాక్యాలు. జీవితమంతా ఉత్తుత్తి ముక్కలు రాసి పంపినవాడికి అదో లెక్కా? కాగితం మీద రాశాను కూడా. రాశాక, పోనీ నిజంగానే అలా తేలుతుందేమో, అప్పుడు అబద్ధం కూడా అవసరం లేదు కదా అని, కొత్త బండిని తీసుకుని ఊరి బయట పాడుబడ్డ మైదానానికి వెళ్లాను.

ఇసుక బస్తాలు తూచి, నీ రాళ్లంత బరువు, తలుపు దగ్గర పెట్టాను. లాగాను. స్పీడు ముల్లు నలభై దాటగానే తోక మొదలుపెట్టింది. కోసు ముక్కు, గుండ్రం కప్పు, పొడుగు కడ్డీ, అన్నీ ఉన్నాయి. అయినా మొదలుపెట్టింది. బ్రేకు తొక్కకుండా కాలు ఎత్తేసి కూర్చున్నాను. ఊగి ఊగి దానంతటదే ఆగింది. అద్దంలో చూశాను ఆ ఊపు. బావ చూసిందదే కదా అనిపించింది.

బస్తాలు ముందుకు మార్చాను. అదే బండి. ముల్లు డెబ్బైకి తీసుకెళ్లాను. తాడు కట్టి లాగినట్టు వచ్చింది.

కాబట్టి ఇదీ జవాబు. ముక్కు చదును కావడం వల్ల గాలి దెబ్బ పెరిగింది, అది నిజం. కానీ రాళ్లు ముందుండి ఉంటే ఆ పాత బండి కూడా కాస్త వణికి ఊరుకునేది. రాళ్లు వెనకున్నాయి. వెనక నువ్వు పెట్టావు. వ్యాను కదిలింది నా ముద్ర వల్ల. ఎవరి వాటా ఎంతో తూచడానికి బావ లేడు.

అబద్ధం ఎందుకు రాయలేదంటే, నువ్వు నమ్ముతావేమోనని భయం వేసింది. ఆకారానిదే తప్పని నమ్మి, ముక్కుంది కదా అని ఏదో ఒక రోజు నడుం నొప్పికి రాళ్లు మళ్లీ తలుపు దగ్గర పెడితే?

అందుకని బండి లోపల ఇలా కట్టాను. ముక్కు మూలలో, నేల మీదే, పద్నాలుగు గూళ్లు. ఒక్కో గూట్లో ఒక్క రాయే పడుతుంది, దాని మీద ఇనుప పట్టీ వాలుతుంది. ముక్కు పక్కన చిన్న తలుపు పెట్టాను, నువ్వు రోడ్డు మీద నిలబడే రాళ్లు గూట్లో పెట్టొచ్చు, లోపలికి మోయక్కర్లేదు. వెనక తలుపు దగ్గర నేల ఏటవాలుగా చేశాను. అక్కడ రాయి పెడితే జారి నీ కాలి మీద పడుతుంది. పెట్టాలన్నా పెట్టలేవు. ఇరుసు మీదుగా నేల మీద మీ మరదలు ఎర్ర గీత గీసింది. ఆ గీత వెనక చీపురు తప్ప ఇంకేమీ పెట్టకు.

ఊగడం మొదలైతే బ్రేకు తొక్కకు. స్టీరింగు తిప్పకు. కాలు మాత్రం తియ్యి.

పదమూడే అన్నావు. పద్నాలుగు గూళ్లే పెట్టాను. పదమూడు కట్టడానికి చెయ్యి రాలేదు.

పెట్టె ముక్కులో బిగించాను. ఆ కాగితం నా దగ్గరే ఉంచుకున్నాను. నన్ను రావద్దన్నావు. రాను.

తమ్ముడు

కాటాల కొట్టు, మేడ మీది గది
జూన్ 14

తమ్ముడూ,

బండి క్షేమంగా దిగింది. దర్జీ వచ్చి చుట్టూ తిరిగి, ముక్కు తట్టి చూసి, ఇంత కోసు ముక్కుతో ఎవరింట్లో దూరదామని అన్నాడు. ఈ ఊళ్లో నీ లాంటివాడు ఒకడున్నాడు.

సంతలకి పోయే ముందు ఒక పని చేశాను. సోమవారం పొద్దున్నే పదమూడు రాళ్లూ గూళ్లలో పెట్టి, పట్టీలు వాల్చి, రెండుసార్లు లాగి చూసి, తూనికల ఆఫీసుకి బయలుదేరాను. అదే కాలువ గట్టు. ఆయన పడ్డ చోట గట్టుకి కొత్త మట్టి పోశారు, ఇంకా గడ్డి మొలవలేదు. అక్కడ కొంచెం గాలుంది. ఊగలేదు. అద్దంలో చూస్తూనే పోయాను. ముప్పై మైళ్లకి గంటన్నర పట్టింది, వెనకవాళ్లంతా హారన్లు కొట్టి కొట్టి దాటిపోయారు.

గేటు తీసే ఉంది. గుమాస్తా రాళ్లు లోపలికి తెప్పించుకుని, పెద్ద తక్కెడలో ఒక్కొక్కటీ పెట్టాడు. గంట సేపు. నేను బెంచీ మీద కూర్చున్నాను. చివరికి పుస్తకంలో రాసుకుని, అన్నీ సరిగ్గా ఉన్నాయమ్మా, తనిఖీ గడువు ఇంకా ఏడాదుంది, ఇప్పుడెందుకు మోసుకొచ్చారు, మిమ్మల్ని ఎవరు రమ్మన్నారు అని అడిగాడు.

"ఉత్తరం వచ్చింది," అన్నాను.

మేమేమీ పంపలేదే, ఏదీ చూపించండి అన్నాడు. రాసినవాడి దగ్గరే ఉండిపోయిందని చెప్పాను. అతనికి అర్థం కాలేదు. మరి పద్నాలుగో రాయి ఏదీ అన్నాడు, లైసెన్సులో పద్నాలుగని ఉందట. పోయిందని రాసుకోమన్నాను. ఎలా పోయిందో కూడా రాయాలన్నాడు. నీళ్లలో అన్నాను. అంతవరకే రాసుకున్నాడు.

మీ బావ లెక్క సరిపోయింది. పదమూడు అంకెల పక్కనా ఆయన రాసిన "సరి" నిజమే. నీ దగ్గరున్న కాగితం మీద పద్నాలుగో అంకె పక్కన కూడా అదే మాట ఉంటుంది. దాన్ని కొట్టెయ్యకు.

ఆ గూడు ఖాళీగానే ఉంది. గతుకుల్లో దాని పట్టీ ఒక్కటే కొట్టుకుంటుంది, మిగతా పదమూడూ గట్టిగా ఉంటాయి. గుడ్డ కుక్కమని దర్జీ అన్నాడు. కుక్కలేదు. ఆ చప్పుడు వినబడినంత సేపూ మిగతావి ముందువైపే ఉన్నాయని తెలుస్తుంది.

రేపు మొదటి సంత. నిన్ను రమ్మని ఇంకా రాయలేను. ఎప్పుడు రాయగలనో తెలియదు. ఉత్తరాలు మాత్రం వెయ్యి. కవరు మీద ముద్ర చూసి, అప్పుడు విప్పుతాను.

అక్క